మా తోటికోడలిది ఏ దేశం?

గోపాలపూర్ సముద్రం బరంపురం లంజిపల్లిలోని మా ఇంటికి గట్టిగా లెక్కేస్తే పదహారు, పదిహేడు కిలోమీటర్లు. ఆ మాత్రం దూరానికి ప్రయాణ అనుభవం రాయడమేమిటత్తయ్యా అని మా కోడలు మాధవి నవ్వింది. కాశీ వెళ్ళొచ్చినవాళ్ళందరూ రాస్తున్నారు, అవి చదివి ఎవరూ బాగుపడిన దాఖలా లేదు, నా గోపాలపూర్ చదివి కొత్తగా చెడిపోయేవాళ్ళు మాత్రం ఎవరున్నారు అన్నాను. బరంపురం నుంచి పొద్దున్నే బయల్దేరి, ఛత్రపూర్ చూసుకుని, గోపాలపూర్‌లో భోంచేసి, పొద్దు వాలకముందే ఇల్లు చేరాలనుకునేవాళ్ళకి, అందులోనూ మోకాళ్ళు మొరాయించే వయసువాళ్ళకి, పనికొచ్చే సంగతులు ఇందులో కొన్ని ఉన్నాయి. పనికిరానివి ఇంకొన్ని ఉన్నాయి. అవి నా గురించి.

అసలు కారణం పసుపు. మా మనవరాలి పెళ్ళి ఈమధ్యే అయింది. మా ఇళ్ళల్లో పెళ్ళిపనులు పసుపు దంచడంతో మొదలవుతాయి. రోలు కడిగి, దానికి తోరం కట్టి, ఐదుగురు ముత్తైదువులు కలిసి పసుపుకొమ్ములు దంచుతారు. మొదటి పోటు ఇంటి పెద్ద ముత్తైదువ వెయ్యాలి. పాతికేళ్ళు ఆ పోటు నాదే. ఆరేళ్ళ క్రితం మా ఆయన పోయారు, రోకలి నా చేతిలోంచి పోయింది. నా తరవాత వరస నా తోటికోడలు సుగుణది. అరవై ఎనిమిదేళ్ళది, మొగుడు విశాఖపట్నంలో పేపరు చదువుకుంటూ నిక్షేపంలా ఉన్నాడు. పిలిస్తే సరిపోతుంది కదా అని మీరనుకోవచ్చు. ముప్పై ఎనిమిదేళ్ళ క్రితం మా ఆడపడుచు పెళ్ళికి ఇదే సుగుణ తలంటుకుని, పట్టుచీర కట్టుకుని, చేతులు కడుక్కుని రోలు దగ్గరికి వచ్చింది. అప్పటికి ఆమెకి బొల్లి మొదలై ఏడాది. స్టిక్కర్ బొట్టు తీస్తే దాని కింద బొట్టంత తెల్ల మచ్చ, ఆ తరవాత పెదవుల చివర, ఆ తరవాత వేళ్ళ కొసలు. చుట్టూ చేరిన ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను "సుగుణా, నువ్వు లోపల వంట సంగతి చూడమ్మా" అన్నాను. నెమ్మదిగానే అన్నాను. ఆమె చేతులు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. అప్పటికి నేను హైస్కూల్లో సైన్సు టీచర్ని. బొల్లి అంటుకునే జబ్బు కాదని ఎనిమిదో తరగతికి బోర్డు మీద రాసి మరీ చెప్పేదాన్ని.

ఆ తరవాత మా ఇంట్లో ఎన్నో శుభకార్యాలయ్యాయి. అన్నిటికీ వచ్చింది, చదివింపులు చదివించింది, పసుపు దంచే వేళకి మాత్రం పెరట్లో కూర్చుని వెల్లుల్లి ఒలిచేది. రమ్మన్నవాళ్ళు లేరు, రానన్నదీ లేదు. ఈసారి మాధవి తేల్చి చెప్పింది. "దూరం పెట్టింది మీరు, పిలవాల్సిందీ మీరే అత్తయ్యా. నేను పిలిస్తే చిన్నత్తయ్య నవ్వి వెల్లుల్లి బుట్ట తెచ్చుకుంటారు." పసుపు గురువారం. ఆదివారం దాకా నాకు నోరు పెగల్లేదు. ఇంట్లో నలుగురి మధ్య అడగలేక, ఒంటరిగా తీసుకెళ్ళి అడుగుదామని సోమవారానికి ఈ ప్రయాణం పెట్టాను. కొత్తకోడళ్ళుగా మేమిద్దరం ఒకే ఇంట్లో కాపురం చేసింది ఛత్రపూర్‌లో. అక్కడైతే మాట వస్తుందనుకున్నాను.

ఒకటి మాత్రం నేను లెక్కలో వేసుకోలేదు. సుగుణని చూసి ఆరేళ్ళయింది. అప్పట్లో ఆమె ఒంటి మీద మచ్చలు అట్లాసులో దేశాల్లా ఉండేవి. ఈ ఆరేళ్ళలో ఆ దేశాలన్నీ కలిసిపోయి ఒకటే ఖండమైంది. తల నుంచి కాలిదాకా తెలుపు. మెడ దాకా కత్తిరించుకున్న జుట్టు, అదీ తెలుపే. కళ్ళు పుట్టుకతోనే తేనెరంగు. ఎండ తగలకూడదని డాక్టరు చెప్పాడట, వెడల్పు అంచు టోపీ, నల్లద్దాలు, మణికట్టు దాకా చేతులున్న కాటన్ చొక్కా, ప్యాంటు. జిగురు పడదని బొట్టు ఏనాడో మానేసింది. మంగళసూత్రం చొక్కా లోపల. శనివారం బరంపురం స్టేషన్లో రైలు దిగితే పోర్టరు "మేడమ్, మేడమ్" అంటూ ఆమె పెట్టె అందుకుని, నాతో "మావుసీ, కాస్త జరుగు" అన్నాడు. ఒడియాలో పిన్నిని మావుసీ అంటారు. ఆమె మేడమ్, నేను పిన్ని. నాలో ఏదో అప్పుడే పుల్లబడింది.

మీకు నా బాధ అర్థం కావాలంటే ఒక సంగతి చెప్పాలి. నేను పుట్టింది బరంపురంలో, పెరిగింది, పాఠాలు చెప్పిందీ ఇక్కడే. అయినా ఇప్పటికీ కొత్త కూరగాయలవాడు నా ఒడియా విని "ఆంధ్రా నుంచి ఎప్పుడొచ్చారు?" అంటాడు. విశాఖపట్నం వెళ్తే అక్కడివాళ్ళు నా తెలుగు విని "ఒరిస్సావాళ్ళా?" అంటారు. డెబ్భై రెండేళ్ళలో నన్ను పొరపాటుగా పంపించింది ఈ రెండు రాష్ట్రాలకే. మాటవరసకైనా ఒక్కసారి శ్రీలంక అన్నవాడు లేడు. మరి ఈ సుగుణ, ఇచ్ఛాపురం పక్క పల్లెలో పుట్టి, పదో తరగతి రెండుసార్లు రాసిన సుగుణ, రైలు దిగిన పావుగంటలో సముద్రాలు దాటేసింది.

సోమవారం ఏడుంపావుకి బయల్దేరాం. మా వీధి చివర ఆటో నడిపే బైరాగితో ముందురోజే మాట్లాడి పెట్టాను. ఛత్రపూర్, గోపాలపూర్, తిరిగి ఇల్లు, రోజంతా కలిపి పన్నెండొందలు. బస్సులో అయితే ఇందులో పదోవంతుకి అయిపోతుంది, కాని రెండుచోట్ల మారాలి, మా మోకాళ్ళకి మెట్లు పడవు. బైరాగి ఒడియావాడు, తెలుగు మాత్రం గలగలా మాట్లాడతాడు. సుగుణ గేటు తీసుకుని బయటికి రాగానే వాడి కళ్ళు పెద్దవయ్యాయి.

"మావుసీ, బిదేశీ సవారీ అని నిన్న సెప్పలేదు. రెండు వేలవుద్ది."

"టోపీకి ఎనిమిది వందలట్రా?" అన్నాను.

సుగుణ తెలుగులో ఒక్క ముక్క మాట్లాడితే పోయేదానికి, పళ్ళన్నీ కనబడేలా నవ్వి ఆటో ఎక్కి కూర్చుంది. చివరికి పదిహేను వందలకి తెగింది. నేను పక్కన కూర్చోగానే నా చెవిలో "ఒక్కరోజు ఆడనీ అక్కా" అంది. ఆడనిచ్చాను. అడగవలసిన మాట కడుపులో పెట్టుకున్నదాన్ని, కాదనే ధైర్యం లేదు. దాంతో బైరాగి వినేలా మేమిద్దరం ఇంగ్లీషులో మాట్లాడుకోవలసి వచ్చింది, నావి వాక్యాలు, ఆమెవి యస్సులు, నోలు. హైవే ఎక్కాక వాడు వెనక్కి తిరిగి నన్ను మెచ్చుకున్నాడు. "మావుసీ, ఇంత ఇంగ్లీసు ఎక్కడ నేర్సుకున్నావు? ఈ మేడమ్ కాడ పన్లో చేరాకేనా?" ముప్పై నాలుగేళ్ళు పాఠాలు చెప్పిన నోరు. దారి పొడుగునా ఇక నేను దాన్ని విప్పలేదు.

ముప్పావుగంటలో ఛత్రపూర్ చేరాం. జిల్లా ఆఫీసులన్నీ, కోర్టులన్నీ ఇక్కడే కాబట్టి తొమ్మిది దాటితే ఊరంతా ఫైళ్ళు చంకన పెట్టుకున్న జనం. అంతకుముందే టిఫిన్ తినేయండి. కోర్టు వీధిలో ఇడ్లీ, వడ, ఘుగుని అనే బఠాణీ కూర దొరికే చిన్న హోటళ్ళు నాలుగైదున్నాయి. ఇద్దరికీ కలిపి నూటపాతిక దాటదు. మేం వెళ్ళిన హోటలాయన తెలుగాయన, పొయ్యి దగ్గర తనే నిలబడి వడలు తీస్తున్నాడు. సుగుణని చూసి పొయ్యి వదిలేసి వచ్చి, భుజం మీద తువ్వాలుతో ఒక కుర్చీ తుడిచాడు. ఒక్క కుర్చీయే.

"అమ్మా, ఆవిడకి కారం పడదు కదా? చట్నీలో కూసింత పంచదార ఏసి ఇత్తాను. జర్మనీవోల్లేటి?"

నేను జవాబు చెప్పేలోపు సుగుణ తల ఊపింది. అడ్డంగానో నిలువుగానో దేవుడికే తెలియాలి. ఆమెకి స్టీలు కంచం, చెమ్చా, మూత తియ్యని నీళ్ళ సీసా. నాకు ఆకుదొన్నె. చట్నీలో పచ్చిమిరపకాయ నంజుకుతినే మనిషి, మోచేతి దాకా పులుసు నాకే మనిషి, పంచదార చట్నీతో ఇడ్లీని చెమ్చాతో కోసుకుని తింటుంటే వడలకొచ్చినవాళ్ళందరూ సినిమా చూసినట్టు చూశారు. "ఎంత ఒద్దిక" అన్నారొకరు. నా వడ నాకు దిగలేదు.

అక్కణ్ణుంచి మా పాత ఇంటికి నడిచి వెళ్ళొచ్చు, ఐదు నిమిషాలు. అన్నదమ్ములిద్దరికీ అప్పుడు ఛత్రపూర్‌లోనే ఉద్యోగాలు, ఇద్దరికీ కలిపి ఒక అద్దె ఇల్లు, ఒకే వంటిల్లు. ఇప్పుడది జెరాక్సు, టైపింగు కొట్టు. మేం అన్నం వండిన చోట లామినేషన్ మిషను. సుగుణ టోపీ తీసి చేత్తో పట్టుకుని చాలాసేపు చూసింది. బైరాగి దూరంగా టీ తాగుతున్నాడు. ఇదే సమయమనుకుని, ముందుగా ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని అడిగాను.

"ఇందాకటినుంచి జర్మనీ అంటే జర్మనీ అంటున్నావు. ఏం బావుందని?"

"నేనెప్పుడన్నాను? వాళ్ళే అనుకున్నారు." టోపీ అంచు తిప్పుకుంటూ అంది. "అక్కా, సగం తెల్లగా ఉన్నప్పుడు బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే. అడిగినవాళ్ళు 'ఏం జబ్బు' అనే అడిగేవారు. మొత్తం తెల్లబడ్డాక 'ఏ దేశం' అంటున్నారు. అదే ఒళ్ళు, అదే జబ్బు. ఏం జబ్బు అనేకంటే ఏ దేశం అనడం నయం కదా?"

"సుగుణా, గురువారం..." అన్నాను. అంతలో నల్లకోటు వేసుకున్న వకీలొకాయన రోడ్డు దాటి వచ్చి "మేడమ్, ఫ్రమ్ రష్యా? వన్ ఫోటో ప్లీజ్" అన్నాడు. సుగుణ చటుక్కున టోపీ పెట్టుకుంది. ఫోటో తియ్యడానికి ఫోను నా చేతికిచ్చారు. మొదటి రెండు ఫోటోల్లో నా బొటనవేలు పడింది. పొరపాటున పడిందని రాయడానికి మనసొప్పడం లేదు. పది గంటలకల్లా బైరాగి కూడా తనకు తాను ఆలోచించుకుని అమెరికా అని తేల్చాడు. ఆ లెక్కన పొద్దుటినుంచి ఆమెకి మూడు దేశాలు. నాకు, దేశం సంగతి దేవుడెరుగు, నిలబడిన ఊరే నాది కాకుండా పోయింది.

ఛత్రపూర్ నుంచి గోపాలపూర్‌కి బరంపురం తిరిగి రానక్కర్లేకుండా అడ్డదారి ఉంది. సరుగుడు తోటలు, మొగలి పొదలు, మధ్యమధ్య ఇసుక లారీలు. గంట పట్టింది. పదకొండున్నరకి సముద్రం కనబడింది. లైట్‌హౌస్ సాయంత్రం పూట ఎక్కనిస్తారు, ఎక్కే మోకాళ్ళుంటే ఆ వేళకి వెళ్ళండి. మేం మధ్యాహ్నం వెళ్ళడానికి కారణం చేపలు. ఒడ్డుకి దగ్గరలో చిన్న మెస్సులున్నాయి, మీరే చేప కొని తెచ్చిస్తే నూటయాభై తీసుకుని వేయించి, అన్నం, పప్పు, టమాటా పులుసుతో పెడతారు. వంటావిడ "ఒంటిగంట దాటితే పొయ్యి ఆర్పేస్తాను మావుసీ, తొందరగా తే" అని నన్ను తరిమింది. సుగుణకి మాత్రం ఫ్యాన్ కింద కుర్చీ చూపించింది. తనూ వస్తానని లేచింది సుగుణ. చేప ఎంచడం నాకు రాదని ఆమె నమ్మకం. నిజమే, రాదు.

పడవలు లాగిపెట్టిన చోట ఐదారుగురు ఆడవాళ్ళు బుట్టలు ముందేసుకుని కూర్చున్నారు. తెలియనివాళ్ళకి చెబుతున్నాను, ఈ ఒడ్డున చేపలు పట్టేవాళ్ళు, అమ్మేవాళ్ళు తరతరాలుగా తెలుగువాళ్ళు. కొనేవాడితో ఒడియాలోనో హిందీలోనో బేరమాడి, వాడి గురించి తమలో తాము తెలుగులో మాట్లాడుకుంటారు. టోపీ కనబడగానే మొదలెట్టారు.

"ఓలప్పా, తెల్లమ్మ ఒత్తంది. సందువ రేటు నువ్వు సెప్పీకు, నాను సెప్తాను."

"సేతులు సూడే, ఎన్నముద్దలు!"

"ఎనకాలొచ్చీ ముసిల్దెవులే?"

"ఆయమ్మ కాడ వంట సేసీదేమో."

"వంటదానికి అంత మొకమేటి? బడిపంతులమ్మ నాగున్నాది."

ఆ చివరిదాన్ని మెచ్చుకోవాలి. వంటది అన్నమాటకి మాత్రం నా ఒళ్ళు భగ్గుమంది. నల్లద్దాల వెనక సుగుణ నవ్వుతోందని ఆమె భుజాలు చెబుతున్నాయి. కుళ్ళు అంటే ఏమిటో ఆ క్షణంలో నా నాలుక మీద రుచి తెలిసింది. ఆమె ఆ బుట్టల మధ్య రాణీగారిలా వంగి ఒక చందువ చేప మొప్ప ఎత్తి చూడబోయింది. అప్పటిదాకా ఏమీ అనకుండా ఆ చేతినే చూస్తున్న ముసలావిడ ఒకామె, మిగతావాళ్ళు నూకమ్మప్ప అంటున్నారు, నోరు విప్పింది.

"తెల్లమ్మ కాదే. తెల్లోల్లని నాను సిన్నప్పట్నుంచీ సూత్తన్నాను. ఆల్ల తోలు ఎండకి ఎర్రగా కందిపోద్ది, సేతులనిండా నువ్వుగింజల్లాంటి మచ్చలుంటాయి. ఈ తెలుపులో మచ్చ నేదు, ఎరుపు నేదు. ఇది బొల్లి. మా మేనత్తకీ ఇలాగే పాకింది."

ఆమె తప్పుగా అనలేదు, ఉన్నది అంది. కాని ఆమె పక్కనున్న పాతికేళ్ళ పిల్ల తన బుట్టని ఒక జానెడు వెనక్కి లాక్కుంది.

ఒక్క జానెడు. ఎవరి మనసూ నొప్పించకుండా, నెమ్మదిగా. ఆ నెమ్మది నాకు బాగా తెలుసు. సుగుణ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. జర్మనీ, రష్యా, అమెరికా మూడూ కలిసి ఒక్క మాటతో ఆమెని వెనక్కి పంపేశాయి. పొద్దుటినుంచి నేను కోరుకుంటున్నదే అది. తీరా అయ్యాక నాకు ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. ఆమెని చూసి కుళ్ళుకునే హక్కు నాది, నలభై ఏళ్ళకి పైగా ఆమె తోటికోడలిని. బుట్ట జరిపే హక్కు ఆ పిల్లకెక్కడిది?

"ఏమే, ఆ బుట్టెందుకు జరిపావు?" అన్నాను.

"ఓలమ్మో, ముసిల్ది తెలుగే!"

"తెలుగే. వంటదాన్ని కాదు, మీలో ఒకరు అన్నట్టు పంతులమ్మనే. ఏం, అంటుకుంటుందనా? ఎవరు చెప్పారు నీకు? గురువారం మా మనవరాలి పెళ్ళిపసుపుకి మొదటి పోటు వేసేది ఈ మనిషి. ఈ చెయ్యి పడందే మా ఇంట్లో పెళ్ళి మొదలవదు. ఈ చెయ్యి నీ చేపని ముట్టుకుంటే నీ చేపకి పుణ్యం!"

గాలికి నా కొంగు మొహాన కొడుతోంది, నేను ఆగడం లేదు. అప్పుడు పక్కనుంచి ఇచ్ఛాపురం పక్క పల్లె గొంతు వినబడింది. కోపమొస్తే సుగుణకి పుట్టిల్లు గొంతులోకి వస్తుంది.

"నన్నెవులడిగీరు?"

బుట్టల దగ్గర ఒక్కసారి గగ్గోలు. "ఓలమ్మో, తెల్లమ్మ తెలుగు! మన తెలుగే!" వెన్నముద్దలన్న మనిషి కొంగుతో నోరు మూసుకుంది. సుగుణ నల్లద్దాలు తీసి నావైపు తిరిగింది.

"నన్నెవులడిగీరంటన్నాను అక్కా. గురువారం పోటు నాదని నీకు తెలుసు, మాధవికి తెలుసు, ఇప్పుడు సేపలోల్లకీ తెలిసింది. నాకే తెలీదు."

"అడగనేదేటమ్మా?" అంది నూకమ్మ, ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ.

"ముప్పై ఎనిమిదేల్లై అడగనేదు."

"ఎందుకడగనేదు?" ఈసారి నూకమ్మ నన్నే అడిగింది.

క్లాసులో లెక్కలేనన్ని ప్రశ్నలు అడిగినదాన్ని, ఇసుకలో నిలబడి జవాబు వెతుక్కోవలసి వచ్చింది. జవాబు ఎదురుగానే ఉంది.

"నేనూ బుట్ట జరిపాను" అన్నాను.

ఆ పిల్ల తల దించుకుని తన బుట్టని ముందుకి తోసింది, జానెడు కంటే ఎక్కువే. నూకమ్మ చేతులు దులుపుకుని, "మరిప్పుడడుగు. మావున్నాం సాచ్చికం" అంది.

"సుగుణా, గురువారం మొదటి పోటు నువ్వు వెయ్యాలమ్మా" అన్నాను.

"ఆ 'అమ్మా' ఒద్దు. అప్పుడూ అలాగే అన్నావు."

"వెయ్యవే సుగుణా."

సుగుణ అద్దాలు పెట్టుకుంది. "సూత్తాను. ముందు సందువ బేరం సెయ్యి, ఆకలేత్తంది."

బేరం నేను చెయ్యలేదు. నూకమ్మే రెండు పెద్ద చందువలు ఎంచి ఇచ్చింది, రేటు సంగతి పక్కనబెట్టి "పెల్లికి బుట్టెడు కావాలంటే సెప్పు, ఆయమ్మనే పంపు" అంది. మళ్ళీ ఆయమ్మే. ఒంటిగంటకి పది నిమిషాలుండగా మెస్సు చేరాం. సుగుణ చేతులు కడుక్కుని, అన్నంలో టమాటా పులుసు పిసికి, చేప ముల్లు వేళ్ళతో తీస్తూ తింటుంటే ఎదుటి బల్ల దగ్గర బైరాగి ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి ఆపేశాడు. "మా తోటికోడల్రా" అన్నాను. "మేడమ్ మీ తోటికోడలా? మావుసీ, అమెరికా మేడమ్ నా ఆటో ఎక్కిందని మా ఇంటికి ఫోన్ సేసి సెప్పేశానే!" అని మొత్తుకున్నాడు. "అమెరికా తిరిగెళ్ళిపోయిందని చెప్పు" అంది సుగుణ, పచ్చిమిరపకాయ కొరుకుతూ.

మూడున్నరకి బయల్దేరాం. ఎండ తగ్గింది, గాలి ఎదురుగా కొడుతోంది. సగం దారి వచ్చాక సుగుణ తనే ఎత్తింది.

"వేస్తానక్కా. కాని ఒంటరిగా వెయ్యను. నేను దంచుతుంటే రోట్లో కొమ్ములు నువ్వు ఎగదొయ్యాలి."

తెలియనివాళ్ళకి చెప్పాలి. రోకలి పైకి లేచిన క్షణంలో పక్కన కూర్చున్నవాళ్ళు చెయ్యి రోట్లో పెట్టి, చెదిరిన కొమ్ముల్ని మధ్యలోకి తోసి, పోటు పడేలోపు చెయ్యి తీసెయ్యాలి. దంచేవాళ్ళకీ తోసేవాళ్ళకీ ఊపిరి కలవాలి. భర్త పోయినవాళ్ళు ఆ రోలు దరిదాపులకి రాకూడదని పెద్దవాళ్ళ మాట. ఆ మాట అమలు పరిచిన పెద్దవాళ్ళలో నేనూ ఉన్నాను.

"నన్నెవరు రానిస్తారు?"

"నన్నెవరు రానిచ్చారు? నువ్వు పిలిచావు. నిన్ను నేను పిలుస్తున్నాను."

"నా వేళ్ళ మీద పోటు పడితే?"

"ముప్పై ఎనిమిదేళ్ళనుంచి గురి చూసుకుంటున్నాను. పడాలనుకుంటేనే పడుతుంది."

నాలుగుంపావుకి లంజిపల్లి చేరాం. గురువారం పొద్దున్న మాధవి నన్ను రోలు పక్కన చూసి ఏదో అనబోయి, సుగుణ చూసిన చూపుకి మానేసింది. మొదటి పోటు పడింది. నా వేళ్ళు పదీ ఉన్నాయి, ఈ అక్షరాలు వాటితోనే టైపు చేస్తున్నాను. కాని ఉన్నమాట చెప్పాలి. పసుపు ఆమె తెల్లని చేతికి అంటుకుని వెలిగిపోయింది, నా చేతికి అంటుకున్నట్టే కనబడలేదు. పెళ్ళినాడు మగపెళ్ళివారి పెద్దావిడ నన్ను పక్కకి పిలిచి "ఆ ఫారిన్ ఆవిడ మీకెలా తెలుసండీ?" అనడిగి, జవాబు వినకుండానే "మీరు ఆంధ్రానుంచి వచ్చారా?" అంది. మనల్ని ఇంకొకరనుకున్నప్పుడు సరదా పడాలో చిన్నబోవాలో ఆ ఇంకొకరు ఎవరన్నదాన్ని బట్టి ఉంటుంది కాబోలు. సుగుణ దాన్ని సెలవురోజులా వాడుకుంటుంది, అయిపోయాక ఇంటికొచ్చేస్తుంది. నాకు ఇప్పటికీ కుళ్ళుగానే ఉంది. తేడా అల్లా, ఇప్పుడు ఆ సంగతి ఆమెకి చెప్పి మరీ కుళ్ళుకుంటున్నాను.

వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. గోపాలపూర్ ఒడ్డున చేపలు కొనేముందు మీకు తెలుగొచ్చని చెప్పకండి. బుట్టల దగ్గర పావుగంట ఊరికే నిలబడండి. మీరెవరో అక్కడ ఉచితంగా చెబుతారు.